నిర్వాణ పాటలన్నీ ఒక్కచోటికి తెచ్చుకోవడం ఎలా

పసుపుపచ్చ స్మైలీ బొమ్మ. కళ్ళ చోట రెండు ఇంటూ గుర్తులు, వంకర నోట్లోంచి వేలాడే నాలుక. ఆ టీషర్టు ఇప్పుడు ఫుట్‌పాత్ మీద కూడా అమ్ముతున్నారు. వేసుకున్న కుర్రాళ్ళని అడిగితే కొందరు అదేదో బట్టల బ్రాండు అనుకుంటున్నారు. కొందరికి బ్యాండు పేరు తెలుసు, 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' తెలుసు, అక్కడితో సరి. అక్కడ ఆగకుండా మొత్తం వినాలనే కోరిక పుట్టినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పైకి చూస్తే ఒక ఆదివారం పనిలా ఉంటుంది. నిర్వాణ అనే రాక్ బ్యాండు 1987లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఆబర్డీన్ అనే ఊళ్ళో మొదలైంది. 1994 ఏప్రిల్‌లో గాయకుడు, గిటారిస్టు కర్ట్ కోబేన్ చనిపోవడంతో ఆగిపోయింది. స్టూడియో ఆల్బమ్‌లు మూడే. కానీ మిగతా పాటలు చెట్టుకొకటి, పుట్టకొకటి అయ్యాయి. కొన్ని సింగిల్స్ (ఒకటి రెండు పాటలతో వచ్చే చిన్న రికార్డులు) వెనక వైపు ఉన్నాయి, కొన్ని వేరే బ్యాండుతో పంచుకున్న రికార్డుల మీద ఉన్నాయి, ఒకటి ఎయిడ్స్ బాధితుల సహాయార్థం వేసిన సంకలనంలో పేరు కూడా లేకుండా దాక్కుంది. ఒకే పాట నాలుగైదు రూపాల్లో ఉంటుంది. నేను వరసా వావీ లేకుండా కొనుక్కుంటూ పోయి, కొన్ని పాటలు మూడేసి సార్లు కొన్నాను. మీకు ఆ ఖర్చు తప్పాలి.

బయల్దేరే ముందు ఒక తేడా మనసులో పెట్టుకోండి. పాట అరుదు కావడం వేరు, ప్లేటు (ఆ పాట వచ్చిన వినైల్ రికార్డు) అరుదు కావడం వేరు. ఒకప్పుడు వెయ్యి మందికే దొరికిన పాట ఇవాళ మామూలు సీడీలో ఉండొచ్చు. ప్లేటు మాత్రం ఇప్పటికీ ఆ వెయ్యే. మీకు కావలసింది పాటా, ప్లేటా? ఈ ప్రశ్నకి జవాబు తెలియకుండా డబ్బు బయటికి తీయొద్దు.

మొదట, వెతకడం

ఇది చిన్న విషయమే కానీ మన దగ్గర తప్పకుండా తగిలేది. యాప్‌లో 'నిర్వాణ' అని కొడితే ధ్యానం కోసం చేసిన వేణువు, ఆదిశంకరుల నిర్వాణ షట్కం, స్పాలో పెట్టే సంగీతం అన్నీ వరసగా వచ్చేస్తాయి. వాటిని దాటి వెళ్ళినా ఇంకో నిర్వాణ ఎదురవుతుంది. 1960లలో లండన్‌లో అదే పేరుతో ఇంకో బ్యాండు ఉండేది. 1990లలో పేరు మీద తగాదా వచ్చి, కోర్టు బయటే రాజీ పడ్డారు. అందుకని బ్యాండు పేరుతో కాకుండా ఆల్బమ్ పేరుతో వెతకండి. బ్లీచ్, నెవర్‌మైండ్, ఇన్ యూటెరో. ఈ మూడూ దొరికితే అక్కణ్ణుంచి మిగతావాటికి దారి ఉంటుంది.

నోటుబుక్కు పెట్టండి

ఫోన్లో ఎక్సెల్ అయినా పర్లేదు, నాకు మాత్రం రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కే అలవాటు. నాలుగు గళ్ళు గీయండి: పాట పేరు, ఎప్పుడు ఎక్కడ రికార్డు చేశారు, మొదట ఎందులో వచ్చింది, ఇప్పుడు ఎందులో దొరుకుతుంది. చాలామంది విడుదల తేదీ ప్రకారం రాస్తారు. అలా రాస్తే ఈ బ్యాండు విషయంలో అంతా కలగాపులగం అవుతుంది. రికార్డింగు రోజు ప్రకారం రాయండి.

ఎందుకో ఒక రోజు లెక్క చూపిస్తే మీకే తెలుస్తుంది. 1988 జనవరి 23. సియాటిల్‌లో రెసిప్రోకల్ రికార్డింగ్ అనే చిన్న స్టూడియో. ఇంజనీరు జాక్ ఎండినో. డ్రమ్స్ మీద మెల్విన్స్ బ్యాండు నుంచి అరువుకి వచ్చిన డేల్ క్రోవర్. ఒక్క మధ్యాహ్నంలో పది పాటలు కొట్టేశారు. బిల్లు 152 డాలర్ల 44 సెంట్లు. పదో పాట 'పెన్ క్యాప్ చ్యూ' సగంలో ఉండగా టేపు అయిపోయింది. ఇంకో టేపు కొనడానికి డబ్బు పెట్టడం ఇష్టం లేక, పాటని అక్కడికక్కడే మెల్లగా తగ్గించేసి ముగించారు. ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా అది తెలుస్తుంది. పాట ముగిసినట్టు ఉండదు, ఎవరో గదిలోంచి మనల్ని బయటికి తీసుకెళ్ళి తలుపు వేసినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఆ పది పాటలు ఎక్కడెక్కడ తేలాయో చూడండి. 'ఫ్లాయిడ్ ద బార్బర్', 'పేపర్ కట్స్' 1989లో బ్లీచ్‌లోకి వెళ్ళాయి. 'డౌనర్' 1992లో బ్లీచ్ సీడీ మళ్ళీ వేసినప్పుడు చేరింది. 'మెక్సికన్ సీఫుడ్', 'హెయిర్‌స్ప్రే క్వీన్', 'ఏరో జెప్పెలిన్', 'బీస్‌వ్యాక్స్' అదే ఏడాది డిసెంబరులో ఇన్సెస్టిసైడ్‌లో వచ్చాయి ('డౌనర్' అందులోనూ ఉంది). 'ఇఫ్ యు మస్ట్', 'పెన్ క్యాప్ చ్యూ' 2004 దాకా ఆగి, విత్ ద లైట్స్ అవుట్ అనే బాక్స్ సెట్‌లో బయటపడ్డాయి. 'స్పాంక్ త్రూ' అయితే తర్వాత మళ్ళీ రికార్డు చేసి సబ్ పాప్ 200 అనే సంకలనానికి ఇచ్చారు. ఒక్క మధ్యాహ్నపు పని పదహారేళ్ళ పాటు వాయిదాల్లో అందింది. విడుదల తేదీ చూసుకుంటూ పోతే ఈ పాటలన్నీ తోబుట్టువులని ఎప్పటికీ తెలియదు.

నోటుబుక్కులో తేదీ దొరకని పాట ఉంటే డ్రమ్మర్ని చూడండి. డేల్ క్రోవర్ అయితే దాదాపు ఎప్పుడూ 1988 జనవరే. చాడ్ చానింగ్ అయితే 1988 మధ్య నుంచి 1990 మొదటి సగం దాకా. డాన్ పీటర్స్ అయితే వెతకనక్కర్లేదు, అతను వాయించింది ఒకే ఒక్క పాట, 1990 జూలైలో 'స్లివర్'. ఆ తర్వాత అంతా డేవ్ గ్రోల్. బేస్ మీద మాత్రం మొదటి నుంచి చివరిదాకా క్రిస్ట్ నొవొసెలిచ్ ఒక్కడే, కాబట్టి అతన్ని బట్టి ఏమీ తేలదు.

మూడు ఆల్బమ్‌లు, కానీ ఏ ముద్రణ?

అసలు కిటుకు ఇక్కడుంది. మామూలు ముద్రణలు కొని, తర్వాత బి సైడ్ల (సింగిల్స్ వెనక వైపు పాటల) కోసం సింగిల్స్ వెంటపడకండి. మూడింటికీ వార్షికోత్సవ ముద్రణలు వచ్చాయి. సరైనవి ఎంచుకుంటే బి సైడ్లు చాలా వరకు వాటితోనే వచ్చేస్తాయి.

బ్లీచ్ కోసం 2009లో సబ్ పాప్ అనే రికార్డు కంపెనీ వేసిన డీలక్స్, అంటే అదనపు పాటలున్న ముద్రణ తీసుకోండి. ఈ ఆల్బమ్ రికార్డింగ్‌కి అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. ఆ డబ్బు ఇచ్చింది జేసన్ ఎవర్‌మన్. కృతజ్ఞతగా అట్ట మీద అతని పేరు, ఫోటో వేశారు, ఆల్బమ్‌లో మాత్రం అతను ఒక్క తీగ కూడా మీటలేదు. మన పెళ్ళి శుభలేఖల్లో 'ఆహ్వానించువారు' కింద వేసే పేర్లు గుర్తొస్తాయి నాకు. 2009 ముద్రణలో ఆల్బమ్‌తో పాటు 'బిగ్ చీజ్', 'డౌనర్' ఉన్నాయి. వెనకాలే 1990 ఫిబ్రవరి 9న పోర్ట్‌లాండ్‌లోని పైన్ స్ట్రీట్ థియేటర్‌లో జరిగిన కచేరీ ఉంది. ఆ కచేరీ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

నెవర్‌మైండ్ కోసం 2011లో వచ్చిన రెండు సీడీల డీలక్స్ తీసుకోండి. 'ఈవెన్ ఇన్ హిజ్ యూత్', 'అన్యూరిజమ్', 'కర్మడ్జన్', 'డి-7', ఇంకా లైవ్ బి సైడ్లు మొదటి సీడీలోనే ఉన్నాయి. రెండో దాంట్లో 1990 ఏప్రిల్‌లో మాడిసన్ ఊళ్ళోని స్మార్ట్ స్టూడియోస్‌లో నిర్మాత బుచ్ విగ్ దగ్గర చేసిన పాటలు, 1991లో రిహార్సల్ గదిలో టేప్ రికార్డరు పెట్టి తీసిన ముక్కలు ఉన్నాయి. అదే ఏడాది నాలుగు సీడీల పెద్ద పెట్టె కూడా వేశారు. దాంట్లో అదనంగా డెవన్‌షైర్ మిక్స్ ఉంది (మిక్స్ అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతు, వాద్యాలని కలపడం), అంటే ఆండీ వాలెస్ చేతికి వెళ్ళి నునుపు తేలకముందు బుచ్ విగ్ చేసుకున్న మిక్స్. ఆసక్తికరమే గానీ దాని కోసం పెద్ద పెట్టె కొనడం అనవసరమని నా అభిప్రాయం. 2021లో ముప్ఫయ్యేళ్ళ ముద్రణ వచ్చింది కదా, కొత్తది కదా అని దానికి పోకండి. అందులో బరువంతా నాలుగు లైవ్ కచేరీలదే. 2011 దానికి అది బదులు కాదు.

నెవర్‌మైండ్ చివర్లో ఒక దాగుడుమూత ఉంది. 'సమ్‌థింగ్ ఇన్ ద వే' అయ్యాక సీడీ ఆపకుండా వదిలేస్తే దాదాపు పది నిమిషాల నిశ్శబ్దం తర్వాత 'ఎండ్‌లెస్, నేమ్‌లెస్' ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మాస్టరింగ్‌లో పొరపాటున అది జారిపోవడంతో మొట్టమొదట ముద్రించిన సీడీల్లో లేదు. పాత సీడీ ఎక్కడైనా కనిపిస్తే చివరి పాట నిడివి చూడండి. ఇరవై నిమిషాలు దాటితే దాగిన పాట ఉన్నట్టు. నాలుగు నిమిషాల లోపే ఉంటే అది తొలి ముద్రణ కావచ్చు, లేదా ఆ పాట కలపని వేరే ముద్రణ కావచ్చు. కాబట్టి ఆ ఒక్క ఆనవాలుతో ఎక్కువ ధర పెట్టకండి.

ఇన్ యూటెరో కోసం 2013 నాటి రెండు సీడీల ముద్రణ. ఇది నా లెక్కలో మూడింటిలోకీ గిట్టుబాటు కొనుగోలు. 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటాలోని పాకిడెర్మ్ స్టూడియోలో స్టీవ్ ఆల్బినీ రికార్డు చేశాడు. లక్ష డాలర్లు ఒకేసారి తీసుకుని, రాయల్టీలో పైసా వద్దన్నాడు. రికార్డు కంపెనీకి ఆ శబ్దం నచ్చక గొడవైంది, చివరికి 'హార్ట్ షేప్డ్ బాక్స్', 'ఆల్ అపాలజీస్' రెండింటినీ స్కాట్ లిట్ చేత మళ్ళీ మిక్స్ చేయించారు. ఆల్బినీ మొదట చేసిన మిక్స్‌లు 2013 సీడీలో ఉన్నాయి. రెండు రకాల 'హార్ట్ షేప్డ్ బాక్స్' వెంటవెంటనే పెట్టుకుని గిటార్ సోలో దగ్గర చెవి పెట్టండి. ఆల్బినీ దాంట్లో ఆ సోలో మీద ఒక వింత ఎఫెక్ట్ ఉంటుంది, లిట్ దాన్ని తీసేశాడు. 'మారీగోల్డ్' కూడా ఇందులోనే ఉంది. నిర్వాణ పేరు మీద డేవ్ గ్రోల్ రాసి పాడిన పాట అదే.

యాప్‌లో వింటున్నవాళ్ళకి ఒక హెచ్చరిక. పాట పేరు పక్కన '2013 మిక్స్' అని ఉంటే అది పాతదాన్ని శుభ్రం చేసింది కాదు, ఆల్బినీ ఇరవయ్యేళ్ళ తర్వాత కొత్తగా కలిపింది. 'రీమాస్టర్డ్' అని ఉంటే పాత మిక్స్‌నే మెరుగు పెట్టినట్టు. ఈ రెండూ ఒకటే అనుకుని మొదటిసారే '2013 మిక్స్' వింటే, 1993లో జనం విన్న ఆల్బమ్ మీరు ఇంకా విననట్టే.

ఇన్సెస్టిసైడ్, దాని బయట మిగిలినవి

ఇన్సెస్టిసైడ్ పేరుకి సంకలనమే, నాకు మాత్రం నాలుగో ఆల్బమ్. 'స్లివర్', 'డైవ్', 'స్టెయిన్', 1988 పాటలు, బీబీసీ రేడియో కోసం వాయించినవి, అన్నీ ఇందులో ఉన్నాయి. 1992 మొదట్లో జపాన్, ఆస్ట్రేలియాల కోసం వేసిన హార్మోనింగ్ అనే ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు) ఉంది, దానికి పెద్ద పేరు. దాంట్లో ఆరు పాటలు. 'టర్నరౌండ్', 'సన్ ఆఫ్ ఎ గన్', 'మాలీస్ లిప్స్' ఇన్సెస్టిసైడ్‌లో ఉన్నాయి. మిగతా మూడూ నెవర్‌మైండ్ 2011లో వచ్చేశాయి. అంటే ఆ ఈపీ పాటలన్నీ ఇప్పటికే మీ చేతిలో ఉన్నాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇన్సెస్టిసైడ్‌లోని 'అన్యూరిజమ్', 'బీన్ ఎ సన్' రెండూ బీబీసీ కోసం 1991 నవంబరులో వాయించినవి. 'అన్యూరిజమ్' స్టూడియో రూపం 1991 జనవరి 1న రికార్డు చేశారు, అది నెవర్‌మైండ్ డీలక్స్‌లో ఉంది. 'బీన్ ఎ సన్' స్టూడియో రూపం 1989 చివర్లో బ్రిటన్‌లో వచ్చిన బ్లూ ఈపీలోది. దాని కోసం ఆ ఈపీ కొనక్కర్లేదు, 2002లో 'నిర్వాణ' అనే పేరుతోనే వచ్చిన హిట్స్ సీడీలో ఉంది.

ఆ 2002 సీడీ ఎలాగూ కావాలి. 'యు నో యూ ఆర్ రైట్' కోసం. 1994 జనవరి చివర్లో సియాటిల్ దగ్గరి రాబర్ట్ లాంగ్ స్టూడియోస్ మూడు రోజులు మాట్లాడుకున్నారు. కర్ట్ మూడో రోజు గానీ రాలేదు. ఆ రోజు రికార్డు చేసిన ఈ పాటే బ్యాండు చివరి స్టూడియో పాట. ఆ తర్వాత కర్ట్ భార్య కోర్ట్నీ లవ్‌కీ మిగిలిన ఇద్దరికీ మధ్య కోర్టు వ్యవహారంలో చిక్కుకుని, ఎనిమిదేళ్ళకి బయటికొచ్చింది.

'పాలీ' గురించి కూడా ఒక మాట. నెవర్‌మైండ్‌లో ఉన్న 'పాలీ' మిగతా పాటలతో పాటు 1991లో చేసింది కాదు, స్మార్ట్ స్టూడియోస్‌లో 1990లో చేసిందే. దాంట్లో తాళం కొట్టింది గ్రోల్ కాదు, చాడ్ చానింగ్. మూడో చరణం దగ్గర కర్ట్ ముందే నోరు తెరిచి రెండు మాటలు పాడి, టక్కున ఆగి, మళ్ళీ సరైన చోట అందుకుంటాడు. పొరపాటే, బాగుందని వదిలేశారు. కోట్ల మంది విన్న ఆల్బమ్‌లో నాకు బాగా నచ్చిన క్షణం అది.

పంచుకున్న రికార్డులు, సంకలనాలు

నోటుబుక్కులో ఇప్పటికి ఖాళీలు తక్కువే మిగిలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం 2004లో వచ్చిన విత్ ద లైట్స్ అవుట్ నింపుతుంది: మూడు సీడీలు, ఒక డీవీడీ. జీసస్ లిజర్డ్ బ్యాండుతో 1993లో పంచుకున్న సింగిల్‌లోని 'ఓ, ద గిల్ట్', వైపర్స్ బ్యాండు గౌరవార్థం 1992లో వచ్చిన చిన్న ప్లేట్ల పెట్టెలోని 'రిటర్న్ ఆఫ్ ద ర్యాట్' రెండూ ఇందులో ఉన్నాయి. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ పాట 'హియర్ షి కమ్స్ నౌ' దీంట్లోనూ ఉంది, నెవర్‌మైండ్ డీలక్స్‌లోనూ ఉంది.

ఈ పెట్టెని మొదటే కొనొద్దని మాత్రం గట్టిగా చెప్తాను. బ్యాండుని ప్రేమించినవాళ్ళకి తప్ప ఇందులో సగం చెవికెక్కదు. గరగరలాడే క్యాసెట్ రికార్డింగులు, సగంలో ఆగిపోయిన ప్రయత్నాలు, మొదటి కచేరీలో ఎవరింట్లోనో వాయించిన లెడ్ జెప్పెలిన్ పాట. ఆల్బమ్‌లు నోటికి వచ్చాక వింటే అవే ముత్యాలు. అన్నట్టు, ఆ పెట్టె పైపొర వేడికి రంగు మారే పదార్థంతో చేశారు. చేయి పెడితే కింద దాగిన బొమ్మలు, రాతలు బయటపడతాయి. సియాటిల్ చలిని దృష్టిలో పెట్టుకుని చేసినట్టున్నారు. మా విజయవాడలో మే నెలలో ముట్టుకోకుండానే అన్నీ కనపడతాయి.

పేర్ల దగ్గర ఒక ఉచ్చు ఉంది, దాంట్లో నేను పడ్డాను. 1993లో నో ఆల్టర్నేటివ్ అనే ఎయిడ్స్ సహాయార్థ సంకలనం చివర పేరు వేయకుండా ఒక నిర్వాణ పాట పెట్టారు. జనం దాన్ని 'వర్స్ కోరస్ వర్స్' అని పిలిచారు. అసలు పేరు 'శాపీ'. అసలైన 'వర్స్ కోరస్ వర్స్' వేరే పాట, నెవర్‌మైండ్ కోసం మొదలుపెట్టి వదిలేసింది, బాక్స్ సెట్‌లో ఉంది. పాత జాబితాల్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి.

'శాపీ' మీద కర్ట్‌కి ఎందుకో తీరని పంతం. స్టూడియో మారినప్పుడల్లా మళ్ళీ ప్రయత్నించాడు. 1990 జనవరిలో అయితే ఆ ఒక్క పాట కోసమే జాక్ ఎండినో దగ్గరికి వెళ్ళారు. ఆ రూపం 2005లో వచ్చిన స్లివర్: ద బెస్ట్ ఆఫ్ ద బాక్స్‌లో ఉంది. స్మార్ట్ స్టూడియోస్ రూపం నెవర్‌మైండ్ 2011లో, లైవ్ రూపం బ్లీచ్ 2009లో, ఆల్బినీ రికార్డు చేసినది ఇన్ యూటెరో 2013లో ఉన్నాయి. ఈ నాలుగూ ఒక ప్లేలిస్టులో తేదీల వరసలో పెట్టి ఒక సాయంత్రం వినండి. పాట పెద్దగా మారదు, చుట్టూ బ్యాండు మారిపోతుంటుంది. ఇన్ని ప్రయత్నాలు చేసిన పాటని చివరికి పేరు లేకుండా వేరేవాళ్ళ సంకలనంలో పెట్టేశారు.

ఇదంతా అయ్యాక నా నోటుబుక్కులో రెండు గళ్ళు మిగిలాయి. ఒకటి సబ్ పాప్ 200లోని 'స్పాంక్ త్రూ' స్టూడియో రూపం. రెండోది కిస్ బ్యాండు పాటలతో 1990లో వచ్చిన హార్డ్ టు బిలీవ్ సంకలనంలోని 'డు యు లవ్ మి'. బ్లీచ్ అట్ట మీద ఉత్తుత్తి పేరుగా నిలిచిన జేసన్ ఎవర్‌మన్ నిజంగా వాయించిన రికార్డింగు అది. ఈ రెండు సంకలనాలూ పాతవి ఎక్కడైనా తగిలితే, సరసమైన ధరయితే, వదలకండి.

లైవ్

ఇది త్వరగా తేల్చేద్దాం. ఎంటీవీ అన్‌ప్లగ్డ్ ఇన్ న్యూయార్క్ తప్పనిసరి. 1993 నవంబరు 18న ఒకే దఫాలో వాయించింది, అందులో ఆరు పాటలు ఇతరులవి. తర్వాత లైవ్ ఎట్ రెడింగ్, 1992 ఆగస్టు 30 నాటిది, వీలైతే డీవీడీ చూడండి. కర్ట్ ఆరోగ్యం మీద పుకార్లు చెలరేగుతున్న రోజులు, అతను ఆస్పత్రి గౌనులో, చక్రాల కుర్చీలో స్టేజీ మీదికి వచ్చాడు. 1996లో వచ్చిన ఫ్రమ్ ద మడ్డీ బ్యాంక్స్ ఆఫ్ ద విష్కా కార్లో వెళ్ళేటప్పుడు బాగుంటుంది. ఇన్ యూటెరో ముప్ఫయ్యేళ్ళ పెట్టెలో సియాటిల్‌లో వాళ్ళ చివరి కచేరీల్లో ఒకటి ఉంది, 1994 జనవరి 7. మనసు బాగున్న రోజు వినండి.

దొంగ ముద్రణలు

చదువుకునే రోజుల్లో ఒక అమ్మకందారు దగ్గర 'అరుదైన డెమోలు' అని సీడీ కొన్నాను. మెస్ డబ్బులు పెట్టాను. ఇంటికొచ్చి వింటే సగం పాటలు ఇన్సెస్టిసైడ్‌వే. మిగతావాటిలో కర్ట్ గొంతు కాస్త జలుబు చేసినట్టు, బరువుగా ఉంది. తొలిరోజుల్లో గొంతు అలా ఉండేదేమో అని మురిసిపోయాను. ఏళ్ళ తర్వాత అవే స్మార్ట్ స్టూడియోస్ పాటలు అధికారికంగా వచ్చాక పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఎవరో నెమ్మదిగా తిరిగే క్యాసెట్ నుంచి కాపీ చేశారు. శ్రుతి కిందికి జారిపోయింది.

కాబట్టి కొత్త రూపం దొరికిందని ఎవరైనా ఇస్తే ముందు ఇలా పరీక్షించండి. అదే పాట అధికారిక రూపం ఒకటి పెట్టండి, రెండింటి నిడివి చూడండి. మొత్తం పాట ఒకే లెక్కన కొన్ని సెకన్లు ఎక్కువై, గొంతు బరువెక్కితే అది వేగం తప్పిన కాపీ. తక్కువై గొంతు సన్నబడినా అంతే. గిటార్, డ్రమ్స్ వాయించిన తీరు ఎక్కడికక్కడ మారితేనే అది వేరే రికార్డింగు. 1990లలో ఔట్‌సెస్టిసైడ్ పేరుతో దొంగ సీడీల వరస ఒకటి అభిమానుల్లో బాగా తిరిగింది. అప్పట్లో వేరే దారి లేదు. ఇప్పుడు వాటిలో చాలా పాటలు మంచి శబ్దంతో అధికారికంగా ఉన్నాయి, వాటికి డబ్బు పెట్టడం శుద్ధ దండగ.

ప్లేటే కావాలంటే

ఇక్కణ్ణుంచి వేరే రోగం, వేరే ఖర్చు. అయినా సరే అనుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు.

నిర్వాణ మొదటి సింగిల్ 'లవ్ బజ్', 1988 నవంబరు, సబ్ పాప్. చేత్తో అంకెలు వేసిన వెయ్యి కాపీలు. షాకింగ్ బ్లూ అనే డచ్ బ్యాండు పాటకి వీళ్ళ రూపం. సింగిల్‌లో పాటకి ముందు కర్ట్ అతికించిన చిత్రమైన శబ్దాలు కొన్ని సెకన్లు ఉంటాయి, ఆల్బమ్‌లో వాటిని కోసేశారు. పాట ముగిశాక లేబుల్ దాకా ఉండే ఖాళీ జాగాలో, 'ఆ గిటార్లు ఇచ్చేసి పారలు తెచ్చుకోరాదూ' అనే అర్థం వచ్చే వాక్యం చెక్కి ఉంటుంది. ఈ సింగిల్‌కి నకిలీలు చాలా ఉన్నాయి. అంకె వేసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. అంకె ఎవరైనా వేయగలరు.

బ్లీచ్ మొదటి వెయ్యి కాపీలు తెల్ల ప్లేటు మీద వచ్చాయి. బ్రిటన్‌లో వేసిన దాంట్లో 'లవ్ బజ్' బదులు 'బిగ్ చీజ్' ఉంటుంది.

'పెన్నీరాయల్ టీ' సింగిల్ 1994 వసంతంలో రావాల్సింది. కర్ట్ చనిపోవడంతో వెనక్కి తీసుకున్నారు. దాని బి సైడ్ పేరు 'ఐ హేట్ మైసెల్ఫ్ అండ్ వాంట్ టు డై', ఎందుకు ఆపేశారో వేరే చెప్పక్కర్లేదు. అప్పటికే జర్మనీలో ముద్రించిన సీడీలు కొన్ని బయటపడ్డాయి, కొనగలిగే ధర కాదు. 2014లో చిన్న ప్లేటుగా మళ్ళీ వేశారు. ఆ సింగిల్ కోసం చేసిన స్కాట్ లిట్ మిక్స్ ఇన్ యూటెరో 2013లో ఉంది. అంతకుముందు అది వచ్చిన చోటు ఇంకా తమాషా: వాల్‌మార్ట్, కేమార్ట్ షాపుల కోసం వెనక అట్ట మార్చి, 'రేప్ మి' పేరుని 'వెయిఫ్ మి' అని దిద్ది అమ్మిన ముద్రణలో.

విదేశాల నుంచి తెప్పించేటప్పుడు ప్లేటు ధర ఒక్కటే చూడకండి. పోస్టేజీ, కస్టమ్స్ కలిపితే ఒక్కోసారి ప్లేటు కన్నా అవే ఎక్కువవుతాయి. ప్లేటుని అట్టలోంచి తీసి, విడిగా కవర్లో పెట్టి పంపమని అడగండి. లేకపోతే దారిలో ప్లేటు అంచు కొట్టుకుని అట్ట కుట్టు చీలుతుంది. ఎండాకాలంలో అసలు ఆర్డరు పెట్టొద్దు. రోహిణీ కార్తె ఎండకి రోళ్ళు పగులుతాయంటారు, కొరియర్ వ్యాన్లో నాలుగు గంటలు ఉన్న ప్లేటు సంగతి చెప్పాలా. అప్పడంలా వంగి వస్తుంది.

డబ్బు కట్టే ముందు రెండు వైపులా ఆ ఖాళీ జాగా ఫోటో అడగండి. టార్చిలైటు పక్క నుంచి వేసి తీయమనండి, పైనుంచి వేస్తే గీతలు కనపడవు. అక్కడ చెక్కిన అంకెలు, అక్షరాలు డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైటులో ఆ ముద్రణకి ఇచ్చిన వివరాలతో ఒక్కో అక్షరం పోల్చండి. నిజమైన అమ్మకందారు ఫోటో పంపుతాడు. సాకులు చెప్తే వదిలేయండి.

కిందటేడు నేను 'మాలీస్ లిప్స్' సింగిల్ కోసం ఇలాగే అడిగాను. 1991 జనవరిలో సబ్ పాప్ వేసింది, ఒక వైపు నిర్వాణ, రెండో వైపు ద ఫ్లూయిడ్ బ్యాండు. నిర్వాణ పెద్ద కంపెనీకి వెళ్ళిపోతున్న సమయం అది. అమ్మేవాడు అరగంటలో ఫోటో పంపాడు. ఆకుపచ్చ ప్లేటు, టార్చి వెలుగులో గాడుల పక్కన సన్నగా ఒకే ఒక్క మాట చెక్కి ఉంది: 'లేటర్'. ఇక సెలవు, మళ్ళీ కలుద్దాం అన్నట్టు. అసలుదే. ధర కూడా బేరానికి దిగొచ్చింది. నోటుబుక్కు తీసి ఆ పాట గడి చూశాను. రికార్డు చేసింది 1990 ఫిబ్రవరి 9, పైన్ స్ట్రీట్ థియేటర్. ఆ కచేరీ బ్లీచ్ 2009 సీడీలో ఉంది, నా బీరువాలో ఉంది. ఫోటో మాత్రం దాచుకుని, అతనికి థాంక్స్ చెప్పి ఊరుకున్నాను.